ఊర్లె లేనోని పేరు

మిరపకాయ బస్తా తొక్కినోని కాళ్లు రెండు దినాలు మండుతనే ఉంటయి. ఎన్ని నీళ్లు పోసినా అంతే, కొబ్బరినూనె రాసినా అంతే. జనగామల ఏజెంటు ఆఫీసు ముంగట చెప్పులిడిసి, చల్లటి బండల మీద పాదాలు ఆనిచ్చినంక లచ్చిరాంకు జర పాణం లేసొచ్చింది. పక్క కుర్చీల కొడుకు బిక్షపతి సెల్లు చూస్తున్నడు. సెల్లుల ఏమీ లేదు, తెర నల్లగనే ఉన్నది. ఊకెనే చూస్తున్నడు.

కువైట్ల ఆరేండ్లు క్రేను నడిపినోడు బిక్షపతి. ఉన్న కంపెనీ మూతబడితే నాలుగు నెల్ల కింద ఇంటికొచ్చిండు. అదే దేశంల ఇంకో కంపెనీ వీసా ఇచ్చింది. మెడికల్ అయింది, క్రేను పరీక్ష అయింది. ఇగ ఒక్క కాయితం మిగిలింది: ఈ మనిషి మీద మా తాన ఏ కేసూ లేదు అని పోలీసులు రాసిచ్చే కాయితం. నెలాఖరు లోపల అది పెట్టకుంటె వీసా మురిగిపోతది. ఇంక పదకొండు దినాలున్నయి.

ఏజెంటు ప్రణయ్ చిన్న వయసోడే. మాట మర్యాద ఉన్న పిలగాడు. కంప్యూటర్ల ఒకసారి చూసిండు, కండ్లద్దాలు తుడుసుకోని మళ్ల చూసిండు.

"అన్నా, కాయితం రాలే. నీ మీద ఒక కేసుల శిక్ష పడ్డట్టున్నది."

"నా మీదనా?" బిక్షపతి నవ్విండు. "ఇంకెవలదో అయి ఉంటది తమ్మీ. మా దిక్కు ప్రతి తండల ఒక బిక్షపతి ఉంటడు."

"బానోతు బిక్షపతి, తండ్రి లచ్చిరాం, బోడగుట్ట తండ, గూడూరు మండలం. నువ్వే గదనే. నాటుసార కేసు. మూడేండ్ల కింద. తప్పు ఒప్పుకున్నడు, జరిమాన కట్టిండు అని ఉన్నది."

"మూడేండ్ల కింద నేను కువైట్ల ఉన్న తమ్మీ. ఆ ఏడు సుట్టీ గూడ దొరకలే."

లచ్చిరాం పాదాలు మళ్ల మండుడు మొదలువెట్టినయి. బండ మీద ఇంకో జాగల ఆనిచ్చి చూసిండు. ఆడ గూడ అంతే.

"జరిమాననే గదా, జైలు కాదు గదా," అన్నడు బిక్షపతి. గొంతుల నవ్వు పోయింది.

"వాళ్లకు రెండూ ఒకటేనే. నువ్వు ఆ దేశపోనివి కాదు. నిన్ను రానిచ్చుడు, రానియ్యకపోవుడు వాళ్ల ఇష్టం. శిక్ష అని రాసి ఉంటె ఎంతది, ఎందుకు అని ఎవడడుగుతడు? ఇంకా నయం, ఈడ ఉండంగ తెలిసింది. ఆడ ఉండంగ బయటవడితె అకామా, అదే ఆడ ఉండనిచ్చే పర్మిటు, రద్దు జేసి, పది వేళ్ల ముద్రలు తీస్కోని పంపిస్తరు. ఇగ మళ్ల ఎన్నడూ ఆ దేశంల కాలు పెట్టకుంట." ప్రణయ్ గొంతు తగ్గించిండు. "ఈ కాయితం ఇప్పుడు అన్ని దేశాలోళ్లు అడుగుతున్నరన్నా. ఇది తుడిపిచ్చుకోకుంటె ఏ దిక్కు పోలేవు."

జనగామ టేషన్ల మానుకోట దిక్కు పోయే బండికి ఇంకా గంట ఉన్నది. ఇద్దరు సిమెంటు బల్ల మీద కూసున్నరు. బిక్షపతి నీళ్ల సీస కొనుక్కొచ్చి తండ్రికిచ్చిండు. లచ్చిరాం మూత తీసిండు గని తాగలే.

"బిడ్డా, గా కేసు సంగతి నాకెరుకే," అన్నడు, వాళ్ల లంబాడి మాటల. పక్కన కూసున్న ఆడామెకు తెలువకుంటనే మంచిదని.

బిక్షపతి తల తిప్పిండు.

"మన తండల రామి ఇంటెనక సార డ్రమ్ము దొరికింది. ఆబ్కారోళ్లు జీపేసుకోని వచ్చిర్రు. ఎవలిదో ఒక పేరు చెప్పుర్రి, లేకుంటె తండ మొత్తం మీద రాస్తమన్నరు. రామికి మొగడు లేకపాయె, పిల్లలు లేకపాయె. ఆమె జైలుకు పోతే మేకలను చూసేటోడు గూడ లేడు. నలుగురం కూసోని ఆలోచన చేసినం. ఊర్లె లేనోని పేరు చెప్తే ఎవలికీ బాధ ఉండదన్నరు. దేశం మీద ఉన్నోన్ని ఎవడు పట్కపోతడు?"

"ఎవలన్నరు?"

లచ్చిరాం సీస మూత బిగిచ్చిండు. "నేనే అన్న."

గూడ్సు బండి ఒకటి ఆగకుంట పోయింది.

"మరి కోర్టుకు ఎవలు పోయిర్రు బాపు? తప్పు ఎవలు ఒప్పుకున్నరు?"

"ఏడాదికి సమన్లు వచ్చినయి. జీపుల వచ్చిన పెద్ద జవాను సమ్మయ్య ఉన్నడు గదా, ఆయనకే ఫోన్ జేసిన. ఎవలో ఒకలు వచ్చి అవును అంటె పొద్దుగూకేటాల్లకు ఇంటికి పోతరు, లేకుంటె వారెంటు లేస్తది అన్నడు. నేను పోయిన. బిక్షపతి అని పిలిచిర్రు. అవును సారూ అన్న. తప్పు ఒప్పుకుంటవా అంటె ఒప్పుకుంటన్న. వేలిముద్ర పెట్టుమన్నరు, పెట్టిన."

"కాయితంల ఇరవై తొమ్మిదేండ్లని రాసి ఉంటది. నీ మీసం చూసి గూడ అడగలేదా ఎవడన్న?"

"మొఖమెవడు చూసిండు బిడ్డా! దినాం వందమంది. తల ఎత్తితె వాళ్లకు పని ఒడుస్తదా?"

బిక్షపతి కోపానికొస్తడేమో అని చూసిండు లచ్చిరాం. వస్తే బాగుండు అనిపిచ్చింది. కొడుకు మాత్రం మోకాళ్ల మీద మోచేతులాన్చి పట్టాల దిక్కే చూసుకుంట కూసున్నడు. బండి వచ్చినంక లేసి, తండ్రికి కిటికి పక్కన జాగ పట్టిచ్చి, తను తలుపు కాడ నిలబడ్డడు. మానుకోట దాక గట్లనే నిలబడ్డడు.

తెల్లారి మానుకోటల వకీలు సుమలత కాడికి పోయిర్రు. మెట్ల కింద చిన్న అర్ర, ఒక్క ఫంకా. కోర్టు నుంచి కాయితాల నకలు తెప్పిచ్చేసరికి ఇంకో రెండు దినాలు పోయినయి. మూడో దినం పొద్దుగాల ఆమె నకలును, బిక్షపతి పాస్‌పోర్టును పక్కపక్కన పెట్టుకోని, వేలితోటి పాస్‌పోర్టుల రాకపోకల ముద్రలు లెక్కవెట్టింది.

"ఇది చాన తేలికైన కేసు," అన్నది. "ఆ తారీఖున నువ్వు దేశంలనే లేవు, ముద్రలున్నయి. నువ్వేమో ఇంగ్లీషుల సంతకం చేస్తవు, ఈడ వేలిముద్ర ఉన్నది. పైకోర్టుల పిటిషన్ వేస్తే ఈ శిక్ష నిలబడది. నెలాఖరుకైతె కాదు, ఈ వీసా మీద ఆశ వదులుకో. నెలలు పడతది. కని నీ పేరు సాఫ్ అయితది, ఇంకో వీసాకు పోతవు."

బిక్షపతి గట్టిగ ఊపిరి ఇడిసిండు. లచ్చిరాంకు గూడ జర మనసు నిమ్మళమైంది.

"ఒక్కటే చిక్కు," అన్నది ఆమె. "కోర్టు మొట్టమొదలు అడిగేది ఏందంటె, నువ్వు కాకుంటె నిలబడ్డదెవలు? ఇంకొకని పేరు మీద కోర్టుల నిలబడి తప్పు ఒప్పుకునుడు చిన్న విషయం కాదు. జైలు పడొచ్చు. ఈ వేలిముద్ర ఎవలిదో మీకు తెలుసా?"

లచ్చిరాం చెయ్యి బల్ల మీద ఉన్నది. మిరపకాయలకు గోర్ల సందులు ఎర్రగైన చెయ్యి. ఆమె అడగంగనే ఆ చెయ్యి మెల్లగ బల్ల మీదికెల్లి దిగి ధోతి మడతలకు పోయింది. సుమలత చూసింది. చూసి, ఫంకా దిక్కు మొఖం తిప్పుకున్నది.

"తెలువదు మేడం," అన్నడు బిక్షపతి.

"నేనే తల్లీ," అన్నడు లచ్చిరాం.

"బాపు, నువ్వు సప్పుడు జెయ్యకు."

"అండ్ల దాచిపెట్టుడేమున్నది? నేనే నిలబడ్డ."

సుమలత కలం మూత పెట్టింది. "మిమ్ముల ఆ దినం కోర్టుకు రమ్మన్న జవాను ఉన్నడు గదా. గట్ల చెయ్యుమని నేనే చెప్పిన అని ఆయన ఒక మాట రాసిస్తె మీ మీద బరువు తగ్గుతది, పెద్దాయనా. వయసును గూడ చూస్తరు. కని ఏమీ కాదు అని మాత్రం నేను మాటియ్యలేను." పిటిషన్ కాయితాలు బిక్షపతి దిక్కు జరిపింది. "సంతకం పెడితె ఇయ్యాల్నే మొదలుపెడత."

బిక్షపతి కాయితాలను ముట్టలే.

"మా బాపును పట్టిచ్చి నేను ఇమానం ఎక్కాల్నా మేడం? నాకు వద్దు."

అని లేసిండు. పాస్‌పోర్టు బల్ల మీదనే మరిచిపోతే లచ్చిరామే తీస్కోని, రుమాల్ల సుట్టి జేబుల పెట్టుకున్నడు. కోర్టు నకలు గూడ దాంట్లనే పెట్టిండు.

భూపాలపల్లిల బొగ్గు మోసే డంపర్లకు డ్రైవర్లు కావాల్నని ఒక గుత్తేదారు ఫోన్ల చెప్పిండు. క్రేను నడిపినోనికి డంపర్ ఎంత పని! తండ్రీకొడుకులు పొద్దుగాల బస్సెక్కి పోయేసరికి పన్నెండైంది. సమ్మయ్య జవాను రిటైరై భూపాలపల్లిలనే, గనుల పనిచేసే కొడుకు దగ్గర క్వార్టర్ల ఉంటున్నడని లచ్చిరాం ముందుగాల్నే అరుసుకున్నడు. ఆ సంగతి బిక్షపతికి చెప్పలే. చాయ తాగొస్త అని చెప్పి, కొడుకును గుత్తేదారు యార్డు కాడ ఇడిసిపెట్టి పోయిండు.

సమ్మయ్య క్వార్టర్ ముంగట పైపుతోని కరివేపాకు చెట్టుకు నీళ్లు పెడుతున్నడు. బనీను, లుంగి. ఉద్యోగంల ఉన్నప్పటి పొట్ట గూడ తగ్గింది. లచ్చిరాంను పోల్చిండు. పోల్చిండని కండ్లే చెప్పినయి.

"ఏ తండే మీది?"

"బోడగుట్ట. మూడేండ్ల కింద మా పోరని పేరు మీద కేసు రాస్తిరి గదా సారూ. నన్నే వచ్చి నిలబడుమంటిరి."

"నేనన్ననా?"

లచ్చిరాం సంగతంతా చెప్పిండు. వీసా, పోలీసు కాయితం, వకీలమ్మ మాట. సమ్మయ్య పైపు చేతుల పట్టుకోనే విన్నడు. కరివేపాకు మొదట్ల నీళ్లు నిండి బాటెంబడి పారినయి. కట్టేసుడు మరిచిపోయిండు.

"జూడు లచ్చిరాం," అన్నడు ఆఖరికి. తండ గుర్తులేనోనికి పేరెట్ల గుర్తున్నదో! "గప్పుడు నెలకు గిన్ని కేసులు కావాల్నని మా మీద ఒత్తిడి. మాకు పేర్లు కావాలె, మనుషులు కాదు. నువ్వు నీ కొడుకు పేరు చెప్పినవు, మేం రాసుకున్నం. నీకు మంచి జేద్దామనే చెప్పిన. గా దినం పొద్దుగూకేటాల్లకు ఇంటికి పోయినవా, లేదా?"

"పోయిన సారూ."

"మరింకేంది?"

అది నిజమే. ఆ దినం పొద్దు గుంకకముందే ఇంటికి పోయిండు. గూడూరుల దిగి మిర్చిబజ్జీలు కట్టిచ్చుకోని పోయిండు గూడ. పీడ పోయింది అని పెండ్లాం చంద్రి, తను కూసోని తిన్నరు. రామికి గూడ రెండు పంపిర్రు. ఆ సంగతి యాదికొచ్చి లచ్చిరాంకు ఏడుపొచ్చినంత పనైంది.

"ఒక్క కాయితం రాసియ్యి సారూ. నీ కాల్మొక్త."

"రాస్తె నా పింఛను ఆగుతది. నాకు షుగరున్నది, కోడలు చేతి కింద బతుకు. నన్ను పరేషాన్ చెయ్యకు." సమ్మయ్య పైపు కింద పడేసి, లోపలికి కేకేసిండు. "చాయ పెట్టుర్రి, మనిషొచ్చిండు."

చాయ వచ్చింది. లచ్చిరాం తాగిండు. తాగకుంట లేసి వస్తె బాగుండేదని తర్వాత అనుకున్నడు గని, పొద్దుగాలటి నుంచి కడుపుల ఏమీ లేదాయె.

యార్డు కాడికి వచ్చేసరికి బిక్షపతి బయట బండరాయి మీద కూసున్నడు. చొక్కా మీద, కనుబొమ్మల మీద బొగ్గుదుమ్ము.

"ఏమన్నరు?"

"లైసెన్సు చూసిర్రు. నడిపి చూపియ్యమంటె నడిపిన. మంచిగ నడిపినవన్నరు." బిక్షపతి దుమ్ము దులుపుకున్నడు. "పోలీసు కాయితం తెమ్మన్నరు. ఈడ గూడ గదే కాయితం బాపు."

ఆ మాట కోపంతోని అనలే. అందుకే లచ్చిరాంకు ఎక్కువ తాకింది. బస్సుల కొడుకు నిద్రపోయిండు, తల తండ్రి భుజం మీదికి జారింది. అంత పెద్దగైన తల. గూడూరు దాక లచ్చిరాం భుజం కదిలియ్యలే.

తెల్లారి కల్లంల పని. ఎండిన మిరపకాయలను చంద్రి ఒక దిక్కు కూసోని ఏరుతున్నది, ఎర్రటియి ఒక కుప్ప, తాలుకాయ ఒక కుప్ప. కోడలు అనిత గంపలకెత్తి బస్తాల పోస్తున్నది. బస్తాలకు దిగి తొక్కేది లచ్చిరాం పని. ఆ దినం ఆయన లేవకముందే బిక్షపతి పాయింటు మడిసి బస్తాలకు దిగిండు.

ఆరేండ్లు బూట్లేసుకోని క్రేను క్యాబిన్ల కూసున్న కాళ్లు. తెల్లగ, మెత్తగ ఉన్నయి. రెండో బస్తాకే ఎర్రబడ్డయి. అంచు పట్టుకోని, పండ్లు బిగవట్టి తొక్కుతున్నడు. దగ్గొచ్చినప్పుడు మొఖం పక్కకు తిప్పి దగ్గుతున్నడు. అనిత కొంగు ముక్కుకడ్డం కట్టుకోని గంప మీద గంప పోస్తనే ఉన్నది.

"దిగురా బిడ్డా, నేను తొక్కుత," అన్నడు లచ్చిరాం.

"కానీ బాపు. అలవాటైతది. ఇగ ఇదే గదా."

చంద్రి తాలుకాయ ఇసిరికొట్టింది. "నీ నోట్లె మన్నువడ!" అన్నది మొగన్ని చూసి. "తండల ఇంత మంది ఉండంగ నా కొడుకు పేరే దొరికిందా నీకు? ఊర్లె లేడని చెప్పినవు. ఊర్లె లేనోడు ఎవని కోసం లేడు? మన కోసమే గదా లేకపోయె!"

లచ్చిరాం వంగి, ఆమె ఇసిరిన తాలుకాయ ఏరి కుప్పల ఏసిండు.

గట్టిగ మాట్లాడితె తండల దాగుతదా! పొద్దుగూకేటాల్లకు రామి వచ్చింది. అరవై దాటిన మనిషి, నడుం వంగింది. కల్లం గట్టు మీద నిలబడి, లోపలికి రాలే. కేసు బిక్షపతి పేరు మీద పోయిందని ఆమెకు ఆనాడే తెలుసు. శిక్ష మనిషెంబడి దేశాలు దాటి పోతదని మాత్రం ఆమెకు తెలువదు. ఎవలికి తెలుసు!

"అన్నా, నా సార, నా పేరు మీదనే రాయమను. నేను వస్త. నాకేమున్నది ఇంక?"

"నువ్వొస్తె నీ పేరు గూడ రాసుకుంటరు, నా కొడుకు పేరు మాత్రం తీసెయ్యరు. ఇంటికి పో రామీ," అన్నడు లచ్చిరాం. తర్వాత జర మెత్తగ, "మేకలను కొట్టంల తోలు, పొద్దువోయింది," అన్నడు.

బిక్షపతి మంచం మీద కూసోని పాదాలకు కొబ్బరినూనె రాసుకుంటున్నడు. నూనెకు ఆ మంట పోదు. లచ్చిరాం దగ్గరికి పోయి నిలబడ్డడు. పాదం పట్టుకోని చూద్దామనుకున్నడు, చెయ్యి రాలే.

"బిడ్డా, సంతకం పెట్టు."

"పెట్ట. మళ్లడిగితె ఇంట్ల ఉండ."

మర్నాడు తెల్లారకముందే లచ్చిరాం ఉతికిన ధోతి కట్టుకున్నడు, తలకు తెల్ల రుమాలు సుట్టుకున్నడు. మానుకోటల మిరప ధర అడిగొస్త అని చెప్పిండు. చంద్రి రెండు రొట్టెలు, ఉల్లిగడ్డ కట్టి చేతులవెట్టింది. ధర అడిగొచ్చేటోనికి మిరపకాయ నమూన కట్టియ్యాలె. ఆమె అది కట్టలే.

మానుకోట కోర్టు రెండేండ్ల కింద ఉన్నట్టే ఉన్నది. అదే వసార, అవే బల్లలు, పేర్లు పిలిచే బంట్రోతు మాత్రం కొత్తోడు. లచ్చిరాం పొద్దుగాల పదింటికి పోయి గోడకానుకోని నిలబడ్డడు. పేరు పిలిచినప్పుడల్లా ఎవడో ఒకడు ఉరుకుతున్నడు. లోపల్నుంచి "ఒప్పుకుంటున్నవా," "ఒప్పుకుంటున్న సార్" అని వినపడుతున్నది. బయటికొచ్చేటోళ్ల మొఖాలు పని అయిపోయినోళ్ల మొఖాల లెక్కనే ఉన్నయి. ఒకని భుజం పట్టుకోని ఆపుదామనిపిచ్చింది. ఏమని ఆపుతడు?

తిండి యాళ్ల అయింది. రొట్టె సగం తిన్నడు. జేబుల సెల్లు మోగింది, కొడుకు పేరు. ఎత్తలే. మళ్ల మోగింది. బంట్రోతు కసిరిండు. లచ్చిరాంకు దాన్ని బంద్ చేసుడు రాదు, రుమాల్ల పాస్‌పోర్టుతోని కలిపి గట్టిగ సుట్టిండు.

నాలుగింటికి పేర్లు అయిపోయినయి. బంట్రోతు కుర్చీలు సర్దుతున్నడు. లచ్చిరాం లోపలికి పోయి, ఆనాడు నిలబడ్డ జాగలనే, బోను పక్కన నిలబడ్డడు.

"ఏయ్ పెద్దమనిషీ, నీ పేరు పిలవలే. అయిపోయింది, నడువు."

"పిలవరు నాయినా. నన్నెన్నడు పిలవలే."

మేజిస్ట్రేటు ఈసారి ఆడామె. నలభై దాటినట్టున్నది, అలిసిపోయి ఉన్నది. కాయితాల మీద సంతకాలు చేసుకుంటనే, "ఏ కేసు?" అన్నది.

లచ్చిరాం జేబుల రుమాలు తీసి, ఇప్పి, నకలును, పాస్‌పోర్టును బల్ల మీద పెట్టిండు. గుమస్తా అందుకోని ఆమె ముందల పెట్టిండు. ఆమె చదివింది.

"ఇది ఎప్పుడో అయిపోయిన కేసు. బానోతు బిక్షపతి, ఇరవై తొమ్మిదేండ్లు. నువ్వేనా?"

అప్పుడు ఆమె తల ఎత్తింది. తెల్ల మీసాన్ని, మెడ మీది ముడతలను, ఎర్రగైన చేతులను చూసింది. మళ్ల కాయితం చూసింది. మళ్ల ఆయన్ని చూసింది. సంతకం చేసే చెయ్యి ఆగింది.

లచ్చిరాం బోను కట్టె పట్టుకున్నడు.

"కాదమ్మా. బిక్షపతి నా కొడుకు. వాడు గప్పుడు కువైట్ల ఉన్నడు. పాస్‌పోర్టుల ఈ ముద్రలు చూడు. వానికి ఈ కేసే తెలువదు. పేరు చెప్పింది నేను, ఈడికొచ్చి అవును అన్నది నేను. ఆ వేలు గూడ నాదే."

బంట్రోతు చేతుల కుర్చీ అట్లనే ఉన్నది.

"ఏం మాట్లాడుతున్నవో తెలుసా నీకు? నీ మీద కేసు అయితది. వకీలును పెట్టుకున్నవా?"

"ఎరుకేనమ్మా. వకీలమ్మ గూడ గదే చెప్పింది. నా మీద రాయుర్రి. నా కొడుకు మీదికెల్లి తీసెయ్యుర్రి."

ఆమె కండ్లద్దాలు తీసి పక్కన పెట్టింది. గుమస్తాతోని, "ఆయన చెప్పింది చెప్పినట్టు రాయండి. కూసోవెట్టి రాయండి," అన్నది.

బంట్రోతు చేతుల ఉన్న కుర్చీ లచ్చిరాం ఎనక పెట్టిండు. గుమస్తా అడుగుకుంట రాసిండు: ఊరు, తండ్రి పేరు, వయసు. వయసు అడిగినప్పుడు లచ్చిరాం అరవై ఒకటన్నడు, గుమస్తా అరవై ఒకటే రాసిండు. రాసుడు అయినంక సిరా పెట్టె జరిపిండు.

"వేలిముద్ర పెట్టు."

లచ్చిరాం బొటనవేలు సిరాకు అద్దిండు. మిరప మంట మీద సిరా చల్లగ తాకింది. కాయితం మీదికి తెచ్చి, గీత మీద పెట్టబోయి, ఆగిండు.

"జర ఆగు సారూ," అన్నడు. "ముందుగాల పేరేం రాసినవో సదువు."

గుమస్తా మేజిస్ట్రేటు దిక్కు చూసిండు. ఆమె సదువు అన్నట్టు తల ఊపింది.

"బానోతు లచ్చిరాం," అని సదివిండు గుమస్తా.

"ఇంకోసారి సదువు."

సదివిండు. లచ్చిరాం వేలు పెట్టిండు.